గోండర్‌లో ఇంగ్లీషు పాఠాలు

ఇథియోపియా ఉత్తరాన వానలు జూన్‌లో పట్టుకుంటే సెప్టెంబరు దాకా వదలవు. అవి వెనకపట్టగానే కొండవాలులన్నీ అదెయ్ అబెబా అనే పసుపుపచ్చని పూలతో నిండిపోతాయి. అడిస్ అబాబాలో ఎక్కిన విమానం తానా సరస్సు దాటి గోండర్ వైపు దిగుతున్నప్పుడు కిటికీలోంచి మొదట కనబడింది ఆ పసుపే. దాని మధ్య ఇంకా కోతకు రాని తెఫ్ చేలు. తెఫ్ గింజ ఆవగింజ కంటే సన్నం. ఆ దేశానికి అన్నం పెట్టేది అదే. చిన్నగాలి వీస్తే చాలు, చేను చేనంతా ఒకవైపుకు వాలి మళ్లీ లేస్తుంది.

గోండర్ దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. మా అరకు ఎత్తు దానిలో సగం కూడా లేదు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, పొద్దు వాలితే శాలువా కావాలి. ఆడా మగా అందరి భుజాల మీదా తెల్లని నూలు వస్త్రం ఉంటుంది. పలుచనిదైతే నెతెలా, దళసరిదైతే గాబీ. నేను దిగింది 2012 అక్టోబరు మొదట్లో. అంతకు కొద్ది వారాల ముందు, ఆగస్టులో, ప్రధాని మెలెస్ జెనావీ చనిపోయారు. కూడళ్లలో ఆయన నిలువెత్తు చిత్రాలు ఇంకా ఉన్నాయి. వాటి పక్క నుంచి నీలిరంగు మూడు చక్రాల బళ్లు రొద చేసుకుంటూ పోతున్నాయి. వాటిని అక్కడ ఆటో అనరు, బజాజ్ అనే అంటారు. పుణె కంపెనీ పేరు ఆ కొండల్లో మామూలు మాటైపోయింది.

పాలకొండ దగ్గరి పల్లెలో పుట్టి, విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ వచ్చినదాన్ని. ఆ రోజుల్లో ఇథియోపియా తన విశ్వవిద్యాలయాలను చాలా వేగంగా పెంచుతోంది. 1990ల మొదట్లో రెండే ఉండేవి, ఇరవై ఏళ్లలో ముప్పై దాకా అయ్యాయి. పాఠం చెప్పేవాళ్లు చాలక భారతదేశం నుంచి వందల మందిని పిలిపించుకున్నారు. అందులో తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఫిజిక్సు, సివిల్ ఇంజనీరింగు, ఎకనమిక్సు, ఇంగ్లీషు, ఏ విభాగానికి వెళ్లినా గుంటూరో వరంగలో పలకరించేది.

అక్కడ కాలం వేరు. నేను 2012లో దిగాను, బ్యాంకులో ఇచ్చిన కాగితం మీద 2005 అని ఉంది. వాళ్ల ఏడాది మామూలుగా సెప్టెంబరు 11న మొదలవుతుంది. ముప్పయ్యేసి రోజుల నెలలు పన్నెండు, ఆ పైన అయిదు రోజులో ఆరు రోజులో ఉండే పదమూడో నెల. గడియారం కూడా సూర్యోదయం నుంచే లెక్క. మనకు ఉదయం ఏడైతే వాళ్లకు ఒంటిగంట. టైంటేబుల్‌లో నా మొదటి క్లాసు రెండు గంటలకని ఉంది, అంటే ఉదయం ఎనిమిది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పొద్దు పొడిచే వేళ పెద్దగా మారదు, లెక్క చెడదు. మా తాతయ్య కూడా పంచాంగం చూసి పొద్దు పొడిచాక ఇన్ని ఘడియలు అనే చెప్పేవాడు. మనం ఆ లెక్కను ముహూర్తాలకే వదిలేసి మిగతా బతుకంతా ఇంకొకరి గడియారానికి అప్పగించాం. వాళ్లు అప్పగించలేదు. బస్సూ బడీ కచేరీ అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

మొదటి క్లాసులో నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. యాభైమందికి పైనే ఉంటారు. ప్రవేశాలు దేశం మొత్తానికీ ఒక్కచోటి నుంచే జరుగుతాయి కనుక ఆ గదిలో అమ్హారా, తిగ్రాయ్, ఒరోమియా, దక్షిణాది పిల్లలు పక్కపక్కన కూర్చున్నారు. చాలామంది అంతకుముందు తమ జిల్లా దాటి ఎరగరు. హైస్కూల్లో వాళ్లకు ఇంగ్లీషు చెప్పింది టీవీ తెర. 2004 నుంచి ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రసారం చేసేవారు. వాటిని తయారు చేసింది దక్షిణాఫ్రికాలో. తెర మీది మనిషి గబగబా చెప్పుకుపోతాడు, టీచరు పక్కన నిలబడి చూడాలి. కరెంటు పోతే పాఠమూ పోయినట్టే. అలా చదువుకుని వచ్చినవాళ్ల ముందు రక్తమాంసాలున్న టీచరు నిలబడి, అడిగిందే మళ్లీ అడిగితే మళ్లీ చెబుతుంటే, వాళ్ల ముఖాల్లో కనబడిన వెలుగు నాకు ఇప్పటికీ బలం.

ప్రశ్న వేశాను. ముందు బెంచీ కుర్రాడు నోరు తెరవలేదు, ఉలిక్కిపడ్డట్టు ఊపిరి చప్పున లోపలికి పీల్చాడు. పక్కవాడూ అంతే. పిల్లలు నన్ను చూసి బెదురుతున్నారేమో అనిపించింది. సాయంత్రం మా విభాగంలోని ఒక స్థానిక అధ్యాపకుడు చెప్పారు, అది అవునని చెప్పడమట. ఫోన్లో మాట్లాడినా, కొట్టులో బేరమాడినా, అవుననడానికి ఊపిరి అలా లోపలికి తీస్తారు. నేను తల అటూ ఇటూ ఆడించడం వాళ్లకూ అంతే కొత్త. మేడమ్ ఔనంటున్నారా కాదంటున్నారా అని ఒక అమ్మాయి నిలబడి మర్యాదగా అడిగింది. ఇంగ్లీషు వ్యాకరణం కంటే ముందు మేము ఒకరికొకరం నేర్పుకున్న పాఠం అది.

హాజరు పట్టీలో వాళ్ల పేర్లు చూస్తే ఇంటిపేర్లే లేవు. తన పేరు, దాని వెనక తండ్రి పేరు, అంతే. ఆడవాళ్లు పెళ్లయినా పేరు మార్చుకోరు. మనిషిని ఎప్పుడూ సొంత పేరుతోనే పిలుస్తారు. ఎంత పెద్ద హోదా ఉన్నా గౌరవపదం తగిలేది ఆ పేరుకే. మన పద్ధతిలో నా కాగితాల మీద ఇంటిపేరు ముందుంది కాబట్టి ఆఫీసులో, క్లాసులో అందరూ నన్ను ఇంటిపేరుతో పిలవసాగారు. మా ఊళ్లో ఆ పేరుతో పిలిపించుకునేది నాన్న, పెదనాన్న. వాళ్లిద్దరి గౌరవమూ నా మీదికి వచ్చినట్టుండేది. నేను దాన్ని సరిచేయలేదు.

ఇక ఇంగ్లీషు సంగతి. నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే, కాబట్టి కొంచెం నిదానిస్తాను.

విజయనగరంలో నా క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు వెనక బెంచీల్లో కూర్చునేవారు. తెలిసిన జవాబు కూడా చెప్పరు. తప్పు పలుకుతామేమోనన్న భయం ఒకటైతే, తప్పు పలికితే తమ ఊరు, తమ ఇల్లు, అమ్మానాన్నల చదువు బయటపడతాయేమోనన్న భయం ఇంకొకటి. ఆ రెండోది పెద్దది. గోండర్‌లో నా విద్యార్థుల ఇంగ్లీషు అంతకంటే బలహీనం. క్రియలు తడబడేవి, కాలాలు కలిసిపోయేవి. కానీ సిగ్గు లేదు. చెయ్యెత్తి, లేచి, వచ్చిన నాలుగు ముక్కలనూ గొంతెత్తి చెప్పేవారు. సరిదిద్దితే తల వంచుకోరు, సరిదిద్దినది ఇంకోసారి చెప్పి కూర్చుంటారు. పక్కవాడు నవ్వడు.

ఎందుకిలా అని చాలా రోజులు ఆలోచించాను. జవాబు ఊళ్లోనే ఉంది. బ్యాంకు మేనేజరు, జడ్జి, డాక్టరు, పోలీసు అధికారి, అందరూ తమ పని అక్కడి భాష అమ్హారిక్‌లో చేసుకుంటారు. కొట్ల మీద బోర్డులు ఆ లిపిలోనే. పెద్దమనిషి అనిపించుకోవడానికి అక్కడ ఇంగ్లీషు అక్కరలేదు. విశ్వవిద్యాలయం తలుపు తెరిచే తాళంచెవి అది, అంతవరకే. దీని వెనక చరిత్ర ఉంది. 1896లో అద్వా దగ్గర మెనెలిక్ చక్రవర్తి సేనలు ఇటలీ సైన్యాన్ని ఓడించాయి. ఆ తర్వాత 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమించుకున్నా, ఆ అయిదేళ్ల గుర్తుగా గోండర్‌లో పియాసా అనే కూడలి, కొన్ని పసుపురంగు భవనాలు, మకియాతో కాఫీ, వీడ్కోలుకు చావ్ అనే మాట మిగిలాయి. దొర భాష వచ్చినవాడు గొప్పవాడు, రానివాడు తక్కువవాడు అనే మెట్లు అక్కడ కట్టలేకపోయారు. మన దగ్గర కట్టారు. కట్టినవాళ్లు పోయి ఏళ్లు గడిచినా ఆ మెట్లు ఊడ్చి ముగ్గేసి మనమే కాపాడుకుంటున్నాం. పల్లె నుంచి వచ్చిన పిల్ల వాటి కింది మెట్టు మీద కూర్చుని నోరు మూసుకుంటోంది. ఇది నాకు కోపం తెప్పించే విషయం. గోండర్ వెళ్లకముందు ఇది లోకమంతటా ఉన్న పద్ధతే అనుకునేదాన్ని.

వాళ్ల లిపిని ఫిదెల్ అంటారు. ముప్పైమూడు హల్లులు, ఒక్కొక్కదానికి ఏడు రూపాలు. అచ్చు మారితే అక్షరానికి ఒక కాలు పొడుగవుతుంది, ఒక కొమ్ము మొలుస్తుంది, ఒక సున్న అంటుకుంటుంది. గుణింతం వచ్చినవాళ్లకు దాని లోపలి కట్టు ఇట్టే అర్థమవుతుంది. నా గది వెనక చర్చి ఆవరణలో ఒక పూజారి పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి హ హు హి అని వల్లె వేయించేవాడు. పొద్దున్నే ఆ శబ్దానికి నిద్ర లేచేదాన్ని. కొన్నాళ్లకు నేనూ బోర్డులు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. బజాజ్ అని, బునా (కాఫీ) అని, ఫార్మసీ అని ఒక్కొక్కటీ విడివడి పలికింది. వీధిలో నిలబడి నేను అక్షరాలు చదువుతుంటే బూట్లు తుడిచే కుర్రాళ్లు పని ఆపి చుట్టూ చేరి, తప్పు పలికినచోట మళ్లీ పలికించేవారు.

భోజనం దగ్గర నాకు పరాయితనం తెలియలేదు. తెఫ్ పిండిని పులియబెట్టి పెద్ద పెనం మీద పోసిన ఇంజెరా పుల్లగా, మెత్తగా, పైనంతా చిల్లులతో ఉంటుంది. దాని మీదే కూరలు వడ్డిస్తారు, అదే కంచం, అదే అన్నం. శాకాహారిని కాబట్టి బుధ, శుక్రవారాలు నాకు పండగ. ఆర్థడాక్సు క్రైస్తవులు ఆ రెండు రోజులూ, ఈస్టరు ముందు ఇంచుమించు రెండు నెలలూ మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు ముట్టరు. ఏ హోటల్లో చూసినా ఎర్రపప్పు, శనగపిండితో చేసిన షిరో, ఆకుకూర, క్యాబేజీ, బీట్‌రూటు పళ్లెం నిండా ఉంటాయి. బెర్బెరె అనే వాళ్ల కారప్పొడిలో ఎండుమిరపతో పాటు మెంతులు, వెల్లుల్లి, అల్లం, యాలకులు పడతాయి. ఆ ఘాటు తగిలిన మొదటి ముద్దకే నా నాలుక దాన్ని గుర్తుపట్టింది.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు పెద్దావిడ. ఆమెను అందరూ ఎమామా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు అమ్హారిక్ అప్పటికి పలకరింపుల వరకే. అయినా ఏ ఆదివారమూ నన్ను ఒంటరిగా వదల్లేదు. నేల మీద పచ్చగడ్డి పరిచి, చిన్న పీట మీద కూర్చుని, పచ్చి కాఫీ గింజలు కడిగి, బొగ్గుల కుంపటి మీద వేయించేది. నల్లబడి పొగ లేచాక ఆ పెనం తెచ్చి ఒక్కొక్కరి ముందూ తిప్పేది. చేత్తో ఆ పొగను ముఖానికి తెచ్చుకోవాలి, అది మర్యాద. తర్వాత రోట్లో దంచి, జెబెనా అనే నల్లమట్టి కూజాలో మరిగించి, పిడి లేని చిన్న గిన్నెల్లో పోస్తుంది. ఒక పక్క సాంబ్రాణి, ఒక పక్క మొక్కజొన్న పేలాలు. మొదటి వాయి పేరు అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి కాస్తారు కాబట్టి ఒక్కో వాయికి చిక్కదనం తగ్గుతుంది. మూడోది తాగకుండా లేవకూడదు, దీవెన దానిలోనే ఉందని నమ్మకం. ఇదంతా అయ్యేసరికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో పక్కింటివాళ్లు వస్తారు, ఎవరి కొడుకుకు ఉద్యోగం దొరికిందో, ఎవరి ఆవు ఈనిందో తెలుస్తుంది.

భోజనానికి కూర్చుంటే ఆమె ఇంజెరా ముక్క తుంచి, కూర చుట్టి, నా నోటికి అందించేది. దాన్ని గుర్షా అంటారు. ఇష్టమైనవాళ్లకు, అతిథికి తన చేత్తో తినిపించడం. కాదనకూడదు. మా అమ్మమ్మ పోయాక నాకు ఎవరూ చేత్తో ముద్ద పెట్టలేదు. మన ఇళ్లలో ఆ భాగ్యం పసివాళ్లకే. అక్కడ నెరిసిన తలలవాళ్లు కూడా ఒకరికొకరు తినిపించుకుంటారు. వీధిలో ఎవరైనా తింటూ ఉంటే, దారినపోయే మనిషిని చూసి రమ్మనకుండా చెయ్యి కంచంలో పెట్టరు. పెద్దవాళ్లు గదిలోకి వస్తే కూర్చున్నవాళ్లంతా లేస్తారు. చెయ్యి కలిపేటప్పుడు ఎడమచేత్తో తమ కుడి మోచేయి పట్టుకుంటారు. పలకరింపు ఒక్క మాటతో తేలదు. ఎలా ఉన్నావు, ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు, పనెలా ఉంది, దేవుడి దయ, మళ్లీ మొదటి నుంచి. హడావుడిలో ఉన్నవాళ్లు కూడా దానికి తగినంత సమయం ఇస్తారు.

ఎమామా అన్నగారు రిటైరైన ఉద్యోగి. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. నేను భారతదేశం నుంచి వచ్చానని తెలియగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. హైస్కూల్లో తనకు లెక్కలు చెప్పింది ఒక భారతీయుడట. హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో మన టీచర్లు ఆ దేశపు చిన్న చిన్న పట్నాల దాకా వెళ్లి పాఠాలు చెప్పారు. కేరళవాళ్లు ఎక్కువ, అన్ని ప్రాంతాలవాళ్లూ ఉన్నారు. ఏ ఊరు వెళ్లినా యాభై దాటినవాళ్లు అదే మాట చెప్పేవారు. తమ భారతీయ టీచరు సుద్దముక్క పట్టుకునే తీరు, కోపం వస్తే కళ్లద్దాలు తీసే తీరు వాళ్లకు గుర్తే. ఎవరో ఎప్పుడో కొండల మధ్య ఒంటరిగా ఉండి నమ్మకంగా చేసిన పనికి, ఇన్నేళ్ల తర్వాత వచ్చిన నాకు కుర్చీ వేస్తున్నారు. ఆ టీచర్ల గురించి మన భాషలో ఎవరైనా రాయాలి.

గోండర్ ఒకప్పుడు రాజధాని. 1630లలో ఫాసిలిదెస్ చక్రవర్తి కట్టడం మొదలుపెట్టిన కోటల సముదాయం ఊరి నడిబొడ్డున ఉంది. గుండ్రని బురుజులు, గుమ్మటాలు చూస్తే ఏ దేశపు కట్టడమో తోచదు. వాటి మీద భారతీయ, అరబ్బు, యూరపు ప్రభావాలున్నాయని పండితులంటారు. రాకపోకలు ఇటువైపూ ఉన్నాయి. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కన్ చేరిన మాలిక్ అంబర్ అహమద్‌నగర్ రాజ్యాన్ని నడిపాడు, మొగలు సేనలను ఏళ్ల తరబడి నిలువరించాడు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వికుల పేరు మీదే ఉంది. ఆ పేట మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను, ఒక్కసారీ ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

జనవరి 19న తిమ్‌కెత్ పండగ. ఏసు జ్ఞానస్నానం చేసిన రోజు. ఊరి చర్చిల నుంచి తాబోత్ అనే పవిత్ర ఫలకాలను పట్టుగుడ్డలు చుట్టి పూజారులు తలపై పెట్టుకుని, జరీ గొడుగుల నీడలో, ఫాసిలిదెస్ స్నానవాటికకు ఊరేగింపుగా తీసుకొస్తారు. ఏడాదంతా ఖాళీగా ఉండే ఆ రాతి కొలనును పండగ కోసం నింపుతారు. చుట్టూ గోడలను పట్టుకుని పెద్ద పెద్ద వేళ్లు పాకిన చెట్లు. రాత్రంతా జనం అక్కడే జాగారం. తెల్లవారి నీళ్లను ఆశీర్వదించగానే కుర్రాళ్లు గట్టు మీంచి, కొమ్మల మీంచి దూకుతారు. నా విద్యార్థులు నన్ను మధ్యలో పెట్టుకుని జనం తోపులాట తగలకుండా చుట్టూ నిలబడ్డారు. నీళ్లు నా మీద చల్లించే దాకా ఊరుకోలేదు.

ఆ పండగ రోజుల్లోనే ఒరోమియా నుంచి వచ్చిన ఒక విద్యార్థి నాతో నడుస్తూ ఒక మాట అన్నాడు. మేడమ్, మీరు అమ్హారిక్ నేర్చుకుంటున్నారు, సంతోషం, కానీ నాకు కూడా అది నేర్చుకున్న భాషే. చిన్నప్పుడు వాళ్ల అమ్మ పట్నంలో ఆఫీసుకు వెళితే ఆ భాష రాక వెనక్కి వచ్చేసేదట. 1991 తర్వాతే తమ భాషలో బడి వచ్చిందన్నాడు. ఇంగ్లీషు ముందు తల వంచని ఊరని నేను మురిసిపోతున్న చోటే, ఇంకొక భాష ముందు తల వంచుకున్న ఇళ్లున్నాయి. అతని మాట విన్నాక నా ఆలోచన ముందులా తేలికగా సాగలేదు, సాగకూడదు కూడా.

నేను తిరిగొచ్చాక ఆ దేశం చాలా చూసింది. 2020 నవంబరులో తిగ్రాయ్‌లో యుద్ధం మొదలైంది. 2023లో అమ్హారా ప్రాంతంలోనూ తుపాకులు మోగాయి. నా క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పుస్తకం చూసి చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఏ వైపున ఉన్నారో, ఎవరిని పోగొట్టుకున్నారో. కొందరి దగ్గర నుంచి కబురు వస్తుంది, కొందరి దగ్గర నుంచి రాదు. వార్తల్లో గోండర్ పేరు వినబడితే చేస్తున్న పని ఆపేస్తాను.

ఇప్పుడు విజయనగరంలో మొదటి వారం నేను ఇంగ్లీషు పుస్తకం తెరవను. ఒక్కొక్కరూ లేచి తమ ఊరి గురించి తమ భాషలో అయిదు వాక్యాలు చెప్పాలి, తర్వాత అవే ఇంగ్లీషులో చెప్పాలి. ఎవరూ నవ్వకూడదు. కిందటేడు సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తెలుగులో చెప్పనా, సవరలో చెప్పనా అని అడిగింది. గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి శ్రమపడి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన భాష అది. అక్కడికి కూతవేటు దూరంలో పెరిగి కూడా నాకు ఒక్క ముక్క రాదు. సవరలోనే చెప్పమన్నాను. చెప్పింది. క్లాసంతా విన్నది. బోర్డు మీద ఆ వాక్యాలను తెలుగు లిపిలో రాసి, ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చుకుంటూ వెళ్లాం. రెండో వాక్యం దగ్గర వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తి క్రియ సరిదిద్దాడు. ఆ అమ్మాయి సరిదిద్దినది ఇంకోసారి గట్టిగా చెప్పి, మూడో వాక్యానికి వెళ్లింది.